ఒక్క పూట పంతులు

సెలవు దొరికింది చిన్నదొరకు. అనుభవించింది నేను.

యుద్ధం మొదలైన రెండో ఏడు అది. సిద్దిపేట మిషను బంగళాలో నేను టాంగా తోలేవాణ్ణి. గుర్రానికి దాణా పెట్టడం, పెద్దదొరను పల్లెలకు తీసుకుపోవడం, ఆయన వాక్యం చెబుతుంటే ఎండలో నిలబడి గుర్రం మీది జోరీగలు తోలడం. పద్దెనిమిదేండ్లు అదే పని. పేరు యోబు. మా నాయన బాప్తిస్మం తీసుకున్నప్పుడు నాకు ఆ పేరు పెట్టించాడు. అది దేవుడు పరీక్ష పెట్టి పుండ్ల పాలు చేసిన మనిషి పేరని నాకు చదవడం వచ్చిన తరువాత తెలిసింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

చదువంటే మూడో తరగతి. నాలుగో తరగతి పుస్తకం చేతికి వచ్చిన వారానికే మా నాయన కాలు విరిగి మంచాన పడ్డాడు. పటేలు ఇంట్లో వెట్టికి మా ఇంటి నుంచి ఒక మనిషి పోవాలి. నేను పోయాను. మిగిలిన అక్షరాలు బైబిలును పట్టుకొని నేనే కూడబలుక్కున్నాను. నలభై నాలుగేండ్లు వచ్చేసరికి తప్పు లేకుండా, ఆగకుండా చదివేవాణ్ణి. అది ఎవరికి కావాలి? గుర్రానికి చదివి వినిపించాలా?

అయితే ఆ ఏడు ఒక ఆశ పుట్టింది. కుకునూరుపల్లిలో మిషను వాళ్ళ చిన్న బడి ఒకటి ఉండేది. అక్కడి పంతులు జ్వరం వచ్చి చనిపోయాడు. రెండు నెలలుగా బడికి తాళం. ఆదివారాలు నన్ను పంపి అక్కడి సంఘానికి బైబిలు చదివించేవారు. నేను చదివింది జనానికి అర్థమైందట, ఆ మాట పెద్దదొర దాకా వచ్చింది. ఆయన నన్ను పిలిచి, పంతులు పని ఇస్తే చేస్తావా అని అడిగాడు. ఆ పనితో పాటు కాపురానికి బడి వెనుక ఒక అర్ర కూడా ఉంది. నా భార్య ఐలవ్వ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు, సంతోషంతో. కాని పెద్దదొర రెండు ముళ్ళు వేశాడు. ఒకటి, మెదక్ నుంచి సుధాకర్ అని ఏడో తరగతి పాసైన పడుచువాడు కూడా అదే పని అడుగుతున్నాడు. రెండు, పంతులు అయ్యేవాడు సంఘం నియమాల్లో వెంట్రుకంత కూడా తప్పకూడదు. గుడికి పోరాదు, విగ్రహానికి పెట్టింది నోట పెట్టరాదు. రిజిస్టరులో పేరు శుభ్రంగా ఉంటే చదువు తక్కువైనా చూస్తామన్నాడు. వచ్చే మంగళవారం మిషను కమిటీ కూర్చుంటుంది. అప్పుడు తేలుతుంది.

ఆ మంగళవారానికి ముందటి శుక్రవారం చిన్నదొరకు సెలవు వచ్చింది.

చిన్నదొర అంటే ఎడ్విన్ దొర. ఇంగ్లండులో ఏదో పెద్ద కాలేజీలో లోకంలోని మతాలన్నీ చదువుతున్నాడట. ఇక్కడి మతాలు తెలియాలంటే ఇక్కడి భాష రావాలని రెండేండ్ల చదువుకు మా బంగళాకు పంపారు. ఇరవై రెండేండ్ల వాడు, వెదురుబొంగులాగా పొడుగు, ఎండకు ముక్కు ఎప్పుడూ తోలు ఊడుతూ ఉండేది. సర్కారు బడిలో పనిచేసే వెంకటనర్సయ్య పంతులు రోజూ పొద్దున వచ్చి అతనికి తెలుగు చెప్పేవాడు. అది పుస్తకాల్లో పుట్టి పుస్తకాల్లోనే పెరిగిన తెలుగు. చిన్నదొర ఒకసారి వంటవానితో "నాకు జలము కావలెను" అంటే, వాడు పరుగెత్తి జల్లెడ తెచ్చి ఇచ్చాడు.

ఆ శుక్రవారం వెంకటనర్సయ్య పంతులు గజ్వేలులో పెండ్లికి పోయాడు. పోతూపోతూ ఒక పని పెట్టాడు. సెలవు దినం ఏం చేశావో తెలుగులో వ్యాసం రాసి, మంగళవారం పెద్దదొర ముందర చదవాలి. చిన్నదొరకు రాయడానికి ఏదో ఒకటి కావాలి కదా. చుట్టుపక్కల దేవుళ్ళందరినీ ఒక్క రోజులో చూస్తానన్నాడు. పెద్దదొర నన్ను పిలిచి టాంగా కట్టమన్నాడు.

నేను సంతోషంగానే కట్టాను. పెద్దదొర చెవికి దగ్గరగా ఉన్న మనిషి చిన్నదొర ఒక్కడే. రాత్రి భోజనం ఇద్దరూ ఒకే బల్ల మీద చేస్తారు. రోజంతా అతన్ని తిప్పితే, ఎక్కడో ఒక చోట నా మాట చెప్పుకోవచ్చు. పాతబడిందని పెద్దదొర ఇచ్చిన నల్ల కోటు ఉంది, అది తొడుక్కున్నాను. ధోతి ఐలవ్వ గంజి పెట్టి ఉతికింది. నెత్తికి రుమాలు. కుకునూరుపల్లి పంతులు ఎట్లా ఉండాలో అట్లా తయారయ్యాను.

మొదట ఊరి బయటి దర్గాకు పోయాం. చిన్నదొర బూట్లు విప్పి లోపలికి పోయాడు. దర్గాలో ఎవరినీ వద్దనరు, దర్గా చూసుకునే ముజావరు నన్ను కూడా రమ్మని చేయి ఊపాడు. నేను పోలేదు. నాలుగు రోజులు ఆగితే కమిటీ. టాంగా దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి చిన్నదొర గుప్పెట్లో చక్కెర పట్టుకొని వచ్చి, నాకు సగం పెట్టబోయాడు. సమాధి మీద పెట్టి ఇచ్చినదని తెలుసు కాబట్టి చేతులు వెనక్కి పెట్టుకున్నాను. తీపి పదార్థమునందు పాపము ఎట్లు ఉండును అని అడిగాడు.

"పాపం తీపిల లేదు దొరా, రిజిస్టర్ల ఉంది," అన్నాను.

అతను నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు. అతనితో వచ్చిన చిక్కు అదే. ఏం చెప్పినా రాసుకునేవాడు.

అక్కడి నుంచి రెండు కోసుల దూరంలో ఒక గుట్ట, దాని మీద వేణుగోపాలస్వామి గుడి. దారి పొడుగునా అతను అడుగుతూనే ఉన్నాడు. అది ఏ చెట్టు, ఈ పిట్ట పేరేమిటి, పొలంలో ఆ మనిషి నెత్తి మీద కప్పుకున్నది ఏమిటి. నేను చెప్పాను. మోదుగు, జెముడుకాకి, గొంగడి. ఒక్కొక్కటి రెండుసార్లు పలికించాను, తప్పు పలికితే దిద్దాను. నాకే ఆశ్చర్యమేసింది, చెప్పడం నాకు బాగానే వస్తోంది. ఇదే అదును అనుకొని కుకునూరుపల్లి సంగతి మొత్తం చెప్పాను. కమిటీలో ఓటు లేకపోయినా, అతను ఒక్క మాట అంటే పెద్దదొర వింటాడని కూడా చెప్పాను.

అతను ఎంతో శ్రద్ధగా విన్నాడు. తరువాత, పిల్లలకు చదువు చెప్పువానిని ఇచ్చటి జనులు ఏమని పిలుతురు అని అడిగాడు.

"పంతులు అంటరు దొరా."

"అటులైన మీరు నాకు పంతులు గారు. నేను తప్పక చెప్పెదను."

నేను మునుపు ఎన్నో పేర్లతో పిలిపించుకున్నాను. ఒరే, ఓరీ, బండోడా, ఇంకా రాయరాని కులం తిట్లు. పంతులు గారూ అని ఎవరూ అనలేదు. ఆ మాట నోట్లో బెల్లంగడ్డ వేసుకున్నట్టు ఉంది. వద్దు దొరా, ఇంకా పని దొరకలేదు, అట్లా పిలవకు అని చెప్పాల్సింది. చెప్పలేదు. అతను గుట్ట దాకా పదిసార్లు అన్నాడు, నేను పదిసార్లు పలికాను.

గుట్ట కింద టాంగా ఆపి, మీరు పోయి రండి, నేను ఇక్కడే ఉంటానన్నాను. ఎందుకు అన్నాడు. ఆ ఎందుకుకు జవాబు అరచేతిలో పట్టేంత చిన్నది. మేము వాడవాళ్ళం, ఊరవతలి మనుషులం, మమ్మల్ని గుడి మెట్లు ఎక్కనివ్వరు. అంతే. రెండు ముక్కల్లో అయిపోయేది. కాని అప్పుడే పంతులు గారూ అన్న నోటి ముందు, ఆ రెండు ముక్కలు నా గొంతు దాటలేదు. మెట్లు చాలా ఉన్నాయి, మోకాలు నొప్పి అన్నాను. అయితే నెమ్మదిగా ఎక్కుదము అని నా చేయి పట్టుకున్నాడు, మంచివాడు. మంచివాళ్ళతో వేగడం కష్టం. సరే, ప్రహరీగోడ బయట ఆగిపోవచ్చు అనుకొని ఎక్కాను.

గోడ దాకా వచ్చామో లేదో పూజారి ఎదురొచ్చాడు. డెబ్బై ఏండ్లు ఉంటాయి. వంగిన నడుము, రెండు కండ్లలోనూ పువ్వు. ఒంటరి గుట్ట మీద ఆయనకు మనిషి మొహం కనబడి ఎన్ని రోజులైందో. ఎవరు, ఎవరు అంటూ దగ్గరికి వచ్చి, చేయి అడ్డం పెట్టుకొని చూశాడు. చిన్నదొర రెండు చేతులూ జోడించి, తన గొంతంతా పెట్టి చెప్పాడు.

"నమస్కారము. నేను ఆంగ్ల దేశమునుండి వచ్చిన విద్యార్థిని. వీరు మా పంతులు గారు."

ఇంతే అతను అన్నది. తప్పు లేదు. బడిలో చదువు చెప్పేవాణ్ణి పంతులు అంటారని నేనే చెప్పాను. కాని మా దగ్గర ఆ మాటకు ముందు నుంచి ఉన్న అర్థం ఇంకొకటి ఉంది. పంతులు అంటే బాపనయ్య. బడిలో పంతులు, గుడిలో పంతులు, అంతా వాళ్ళే కాబట్టి రెండింటికీ ఒకటే మాట సరిపోయింది. మా వాళ్ళు చదువు చెప్పడం మొదలుపెట్టి ఎన్నాళ్ళైంది గనుక, మాట మారడానికి? మిషను బడుల్లో మా వాళ్ళను పంతులు అని మేమే అనుకుంటాం, అదీ వాడ దాటనిది. ఇదంతా ఇంగ్లండు పిల్లవానికి తెలియదు. నాకు తెలుసు. తెలిసి గుట్ట దాకా నోరు మూసుకొని వచ్చాను.

పూజారి మొహం వెలిగింది. దొరలకు తెలుగు చెప్పే బాపనయ్యలు ఉంటారని ఆయన విన్నాడట. మమ్మల్ని గోడ లోపలికి తీసుకుపోయి, దొరను మండపం మెట్టు మీదే ఆపేశాడు.

"దొరగారు గీడ కూసోవాలె, ఏమనుకోవద్దు. గిది దాటి లోపటికి వద్దు," అని నా వైపు తిరిగాడు. "పంతులూ, మీరు రాండ్రి. ఎండల బడి వచ్చిన్రు."

వెనక్కి తిరిగి దిగిపోతే? ఎందుకు దిగుతున్నావంటాడు. నేను ఫలానా అని చెప్తే? గోడ లోపలికి ఇప్పటికే నాలుగు అడుగులు వేశాను. కింద పొలాల్లో పది మంది నాగళ్ళు తోలుతున్నారు. ముసలాయన ఒక్క కేక వేస్తే కర్రలతో ఎక్కుతారు. గుడి మైలపడితే ఏం చేస్తారో చిన్నప్పుడే చూసినవాణ్ణి. లోపలికి పోతే కమిటీ. బయట ఉంటే కర్రలు. ఇటు చిన్నదొర చూస్తే, తనను ఆపి నన్ను పిలిచినందుకు కుళ్ళుకోకుండా, పిల్లవానిలాగా సంబరపడుతున్నాడు. లోపల ఏమి యున్నదో చూచి నాకు చెప్పుడు, పంతులు గారూ అని బతిమిలాడాడు.

పోయాను.

రుమాలు తీయమన్నాడు పూజారి, తీశాను. క్రాపు తల చూసి, మిషనోళ్ళ కాడ నౌకరి అంటే గింతే, పిలక గూడ ఉండనియ్యరు అని తానే సమాధానం చెప్పుకున్నాడు. కోటు విప్పమన్నాడు. దాని కింద జంజం లేని వీపు ఉంది. నాలుగు రోజుల నుంచి చలిజ్వరం అన్నాను. పాపం, ఉంచుకోండి అన్నాడు. ఒక అబద్ధం ఆడితే రెండోదానికి ఆయనే దారి చూపించాడు. గోత్రం అడిగాడు. బంగళా అరుగు మీద కూర్చొని వెంకటనర్సయ్య పంతులు సంధ్యవార్చుకునేటప్పుడు వంద సార్లు విన్న మాట ఒకటి నోటికి వచ్చింది.

"కౌండిన్యస."

పేరు అడిగాడు. బయట నుంచి చిన్నదొర, సాయం చేస్తున్నానని, "యోబు గారు" అని గట్టిగా చెప్పాడు. ముసలాయనకు చెవులు కూడా మందమే. యోగయ్యనా, మంచి పేరు అన్నాడు. కౌండిన్యస గోత్రోద్భవస్య, యోగయ్య నామధేయస్య అని మొదలుపెట్టి స్వామికి అర్చన చేశాడు. గుడి దేవుణ్ణి నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. నూనె మరకలు, నల్లటి రాయి, వెండి కండ్లు. నాకు భక్తి పుట్టలేదు, భయం పుట్టింది. దేవుడంటే కాదు, కింది కర్రలంటే. తల మీద శఠగోపం పెట్టినప్పుడు అది చల్లగా తగిలింది. తీర్థం పోశాడు. తాగాను.

తరువాత నన్ను వదిలితే బాగుండేది. వదల్లేదు. పక్కనున్న వంటసాలలో కూర్చోబెట్టి, విస్తరి వేసి, పులిహోర, దద్దోజనం పెట్టాడు. నీళ్ళ చెంబు నా చేతికి ఇచ్చాడు. పైనుంచి దోసిట్లోకి పోయలేదు, చెంబే ఇచ్చాడు. నేను దాన్ని ఎట్లా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాను. తినండి, సిగ్గుపడకండి, మన ఇల్లే అనుకోండి అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. ఆ మర్యాద నాకు చేసింది కాదు. ఒక మాటకు చేసింది. ఆ మాట గుర్రం మెడకు కట్టి పంపినా గుర్రానికి విస్తరి వేసేవాడు.

తిన్నాను. తినకుండా లేవలేను. అయితే నిజం చెప్పాలంటే, రెండో ముద్ద నుంచి భయంతో తినలేదు. పులిహోర బాగుంది.

నేను చేయి కడుక్కున్నాక ఆయన దీపం గూట్లోంచి ఒక కార్డు తీశాడు. కరీంనగరం నుంచి అల్లుడు రాసింది, వచ్చి నాలుగు రోజులైంది. తనకు కండ్లు కనిపించవు, చదివిపెట్టే పట్వారీ ఊళ్ళో లేడు. కూతురు పురిటికి ఉంది, ఏం రాశాడోనని నాలుగు రోజులుగా ప్రాణం నిలవడం లేదన్నాడు. నేను చదివాను. సన్నటి గొలుసుకట్టు రాత, అయినా ఎక్కడా ఆగలేదు. కూతురికి ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం, బారసాలకు రమ్మని ఉంది. ముసలాయన మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. మూడోసారి చదివేటప్పుడు ఆయన నా మోకాలి మీద చేయి వేసి వింటున్నాడు.

"ఎంత సాఫుగ చదివిన్రు పంతులూ," అన్నాడు. "పట్వారి చదివితె సగం నాకు తెల్వది. మీ చేతికింద చదివే పోరగాండ్లు అదృష్టవంతులు."

నా చదువుకు జన్మలో దొరికిన సర్టిఫికెట్టు అదొక్కటే. దాన్ని ఎవరికీ చూపించలేను.

మెట్లు దిగుతుంటే పూజారి నొసట పెట్టిన కుంకుమ తుడిచేసుకున్నాను. చిన్నదొర వంద ప్రశ్నలు అడిగాడు, అడిగినవన్నీ చెప్పాను. స్వామి ఎంత ఎత్తు, కండ్లు దేనివి, కార్డులో ఏముంది, పూజారి ఏమన్నాడు. టాంగా ఎక్కే ముందు మాత్రం ఆపి అడిగాను.

"దొరా, నేను పైన తిన్న సంగతి ఎవ్వలకు చెప్పకున్రి. చెప్తే నాకు నౌకరి రాదు."

అతను చేయి గుండె మీద పెట్టుకొని, మీరు భుజించినది ఎవ్వరికిని తెలియనీయను అని మాట ఇచ్చాడు. మాట తప్పే మనిషి కాదు. నాకు ధైర్యం వచ్చింది. నియమాల పుస్తకంలో ఎన్ని ఉన్నా, మా దగ్గర అందరూ అడిగేది ఒక్కటే, విగ్రహానికి పెట్టింది తిన్నావా అని. అది దాస్తే చాలు అనుకున్నాను. మూడో తరగతి తెలివి.

మంగళవారం పొద్దున పెద్దదొర అరుగు మీద కుర్చీ వేయించుకున్నాడు. పక్కన వెంకటనర్సయ్య పంతులు ఎర్రసిరా కలం పట్టుకొని కూర్చున్నాడు. నేను గుర్రానికి మాలిసు చేస్తూ పది గజాల దూరంలో ఉన్నాను. చిన్నదొర నిలబడి వ్యాసం చదివాడు. చదువుతూ నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. దారిలో నేను అడిగిన సాయం చేస్తున్నాడన్న మాట.

దర్గాలో నేను చక్కెర తీసుకోలేదని రాశాడు. పెద్దదొర తల ఊపాడు. మోదుగు, జెముడుకాకి పేర్లు చెప్పానని రాశాడు. తరువాత ఇట్లా రాశాడు. "గుడిలోనికి నన్ను రానీయలేదు. కాని యోబు గారిని పూజారి పంతులు గారని గౌరవించి, దేవుని యొద్దకు తీసుకొనిపోయి, కౌండిన్యస గోత్రమని చెప్పి పూజ చేసెను. యోబు గారు ఉత్తరము చదువగా పూజారి మిక్కిలి సంతసించి, ఇతని శిష్యులు అదృష్టవంతులని పలికెను. కావున కుకునూరుపల్లి పాఠశాలకు యోబు గారే తగినవాడు."

తిన్న ముచ్చట ఒక్క అక్షరం లేదు. మాట నిలబెట్టుకున్నాడు.

నా చేతిలో మాలిసు గుడ్డ ఆగిపోయింది. ముందుగా కదిలింది వెంకటనర్సయ్య పంతులు. ఆయన కాగితం తీసుకొని, గారు అని ఉన్నప్పుడు తగినవాడు అనరాదు, తగినవారు అనవలె అని చెప్పి, ఎర్రసిరాతో దిద్దబోయి, ఆగాడు. తరువాత తగినవాడు అన్నది అట్లాగే ఉంచి, యోబు పక్కన మూడు చోట్లా గారు కొట్టేశాడు. ఆ పని అయినాక నా వైపు చూశాడు.

"కౌండిన్యస మాది," అన్నాడు, నెమ్మదిగా. "గీ ముచ్చట గుట్ట మీదికి ఎక్కితె నీ పెయ్యి మీద తోలుండదు. నేనైతె చెప్ప. నా గోత్రం గూడ అండ్ల ఉంది గద."

పెద్దదొర నన్ను దగ్గరికి పిలిచాడు. ఆయన ఇరవై ఏండ్లుగా ఇక్కడ ఉన్నవాడు, తెలుగు మాలాగే మాట్లాడేవాడు. కోపిష్టి కూడా కాదు. అదే ఇంకా పాడు. చిన్నదొర మొహం పాలిపోయి ఉంది, తానేం చేశాడో అప్పుడప్పుడే అర్థమవుతోంది. పెద్దదొర నియమాల పుస్తకం మోకాలి మీద పెట్టుకొని, నాకు దారి చూపించడానికే మాట్లాడాడు. చిన్నదొర వెంట పోవడం నీ పని, గుడిలోకి ఆయన మాట తీసేయలేక పోయి ఉంటావు, అది నేను సర్దుతాను, కమిటీకి కూడా చెబుతాను అన్నాడు. అడిగేది ఒక్కటే అన్నాడు. అక్కడ పెట్టింది ఏమైనా తిన్నావా?

చిన్నదొర నేల చూపులు చూస్తున్నాడు. అతను చెప్పడు. వెంకటనర్సయ్య చెప్పలేడు, చూడలేదు. పూజారి గుట్ట మీద ఉన్నాడు. లేదు అని రెండక్షరాలు అంటే కుకునూరుపల్లి నాది. అనబోయాను కూడా, దేవుని తోడు.

నేను ఆలస్యం చేసేసరికి పెద్దదొర నాకు ఇంకా సులువు చేద్దామనుకున్నాడు.

"ఎందుకు తింటవులే," అన్నాడు. "నీకెవరు పెడతరు? నీవు ఎవరో తెలిసిన తరువాత వాళ్ళు నీకు విస్తరి వేస్తరా? గడప కూడ దాటనియ్యరు. చిన్నదొర ఏదో తప్పు అర్థం చేసుకున్నడు. అంతే గదా యోబూ?"

అంతే దొరా అంటే అయిపోయేది. నాకెవరు పెడతారు దొరా, మేమెంత, మా బతుకెంత. ఈ మాటలు నాకు కొత్తవి కావు, రోజూ అనేవే. నోట్లో సిద్ధంగా ఉంటాయి. ఆ రోజు మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు. ఏం వచ్చిందో మీకు చెబుతాను.

"పెట్టిండు దొరా. విస్తరేసి పెట్టిండు. చెంబు చేతికిచ్చిండు. తిన్న."

పెద్దదొర పుస్తకం మూసేశాడు. చిన్నదొర ఏదో చెప్పబోయాడు, తెలుగు రాక ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. పెద్దదొర చేయెత్తి ఆపాడు. కమిటీ మధ్యాహ్నం కూర్చుంది, గంటలో లేచింది. సుధాకర్‌కు కబురు పంపారు. నా పేరు ఆరు నెలలు రాత్రి భోజనపు ఆరాధన నుంచి తీసేశారు, అంటే రొట్టె, ద్రాక్షరసం నాకు ఇవ్వరు. అక్కడ తిన్నందుకు ఇక్కడ తినరాదన్న మాట.

చిన్నదొర సాయంత్రం గుర్రపుసాలకు వచ్చాడు. నేను మిక్కిలి విచారించుచున్నాను అన్నాడు. నాకు ఎన్నో మాటలు వచ్చాయి. ఒక్కరోజు సెలవు దొరికితే మీకు చూడటానికి గుళ్ళు, రాయడానికి కాగితం. మాకు ఆ గుళ్ళ చుట్టూ గోడలు. అతనికి పరీక్షలో మంచి మార్కులే వచ్చాయని తరువాత విన్నాను. అప్పుడు మాత్రం పక్కకు జరగండి, గుర్రం తంతది అన్నాను. పుస్తకం తీసి రాసుకోలేదు, అంతవరకు నయం.

ఇంటికి పోయేసరికి ఐలవ్వకు అంతా తెలిసిపోయింది. బంగళాలో తుడిచే ఆమె చెప్పింది. ఐలవ్వ అర్ర కోసమని దాచిన రెండు కొత్త చాటలు గోడకు ఆనించి పెట్టి, వాటి ముందు కూర్చొని ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అడిగింది.

"గుడిల లేని గోత్రం చెప్పనీకి నోరొచ్చింది. బంగళల లేదనే ఒక్క ముచ్చట చెప్పనీకి రాలేదా?"

"రాలేదు," అన్నాను.

"ఎందుకు రాలేదు?"

ఆమె అడిగింది నూటికి నూరుపాళ్ళు సరైన ప్రశ్న. భయానికి అబద్ధమాడితే సిగ్గు లేదు, నౌకరికి అబద్ధమాడితే ఏం పోయింది? నేను కోటు విప్పి మేకుకు తగిలించాను. ఆమె ఇంకోసారి అడిగి, లేచి పొయ్యి అంటించింది. పొయ్యిలో ఊదుతూ, నీ పేరుకు తగ్గట్టే ఉంది నీ బతుకు అన్నది. ఆమె బైబిలు చదవలేదు, ఊరికే అన్నది.

శనివారం సుధాకర్ మెదక్ నుంచి దిగాడు. ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు, నల్లబల్ల. కుకునూరుపల్లికి తీసుకుపోవాల్సింది నేనే, ఇంకెవరున్నారు టాంగాకు. పొద్దున్నే గుర్రాన్ని కట్టి, ఆయన పెట్టె ఎత్తి వెనుక పెట్టాను. బడి తాళంచెవి పెద్దదొర నా చేతికే ఇచ్చాడు, కొత్త పంతులుకు ఇవ్వమని.